జారుతున్న వెనక చక్రం

మా బావ టవర్లు ఎక్కుతాడు. "మీ ఆయన ఎక్కడుంటారమ్మా?" అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే మా అక్క చెయ్యెత్తి ఆకాశం వైపు చూపిస్తుంది. అడిగినవాళ్ళ మొహం వాడిపోతుంది. అప్పుడు నేను కత్తెర పక్కన పెట్టి, "నిక్షేపంలా ఉన్నాడండీ, సెల్‌ఫోను టవర్లు బాగుచేస్తాడు" అని సర్దిచెప్పాలి.

కింద వీధిగదిలో నా కుట్టుమిషను, పైన వాళ్ళ కాపురం. మెట్లు నా గుమ్మాన్ని ఆనుకునే పోతాయి కాబట్టి పైన ఎవరేమనుకున్నా ముందు నా చెవినే పడుతుంది. నేను వద్దన్నా పడుతుంది. నేను బామ్మర్దిని గనక బావని ఆటపట్టించే హక్కు నాకు పెళ్ళినాడే వచ్చింది. ఇంట్లో బల్బు మార్చమంటే స్టూలు ఎక్కడానికి బద్ధకించే మనిషి, కొండమీద తాటిచెట్లకి రెండింతలున్న ఇనప నిచ్చెన మీదికి ఈల వేసుకుంటూ పోతాడు. అక్కణ్ణించి అక్కకి ఫోను చేసి, "మన మేడ మీద నువ్వు ఆరేసిన దుప్పటి కనిపిస్తోందోయ్" అంటాడు. కనిపించదు. మధ్యలో రెండు కొండలున్నాయి. అయినా మా అక్క మేడెక్కి ఒకసారి చూసొస్తుంది.

ఇరవై ఏళ్ళకి పైగా ఆయన బతుకు ఇంతే. ఊరు దాటాక చాలాదూరం తారురోడ్డు, రాళ్ళ క్వారీ దగ్గర తారు అయిపోయి ఎర్రమట్టి, ఆ మట్టి మీద గులకరాళ్ళు, పైన టవరు. ఈ దారిలో మోటారుసైకిలు మీంచి ఎన్నడూ పడ్డవాడు కాదు. పోయిన ఏడాది మొదలుకుని పడటం మొదలుపెట్టాడు.

మొదటిసారి మోచెయ్యి గీరుకుంది. రెండోసారి భుజం వాచింది. మూడోసారి బండే ఆయన మీద పడితే, పాల క్యాన్లతో పోయేవాడెవడో చూసి లేపాడు. ప్రతిసారీ బావ చెప్పింది ఒకే మాట. "వెనక చక్రం జారిందిరా. నేను సరిగ్గానే తోలుతున్నాను."

మూడోసారి కంపెనీ భద్రతాధికారి పిలిపించి, మళ్ళీ పడితే కొండల పని మానిపించి కంట్రోల్ రూములో కూర్చోబెడతామన్నాడు. మా అక్క కూడా అదే మాట మీద నిలబడింది. బావ ఆ రూము చూసొచ్చి రెండు రోజులు సరిగ్గా భోంచెయ్యలేదు.

"కిటికీ కూడా లేదురా. గోడంతా ఆకుపచ్చ చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో టవరట. చుక్క ఎర్రబడిందనుకో, ఫోను తీసి ఇంకొకడికి చెప్పాలట. నా టవరు చెడిపోతే నేను కూర్చుని ఇంకొకడికి చెప్పాలి!"

"చల్లగా ఏసీ ఉంటుంది కదా బావా" అన్నాను.

బావ నా వైపు ఒక చూపు చూశాడు. నాకప్పుడు జాలేసింది. ఆ మనిషికి ఆ గది ఉరిశిక్షలాగే ఉందని అర్థమైంది. కాబట్టి ఇక పడకూడదు. పడకూడదంటే టైరు మార్చాలి. ఇంతవరకూ మా ఇంట్లో ఎవరికీ సందేహం లేదు. సందేహాలన్నీ టైర్ల షాపులో మొదలయ్యాయి.

ఆ షాపతన్ని వీధి మొత్తం ‘సగంసగం’ అని పిలుస్తుంది. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో. వాన పడుతుందా అంటే సగంసగం అంటాడు, ఒంట్లో బావుందా అంటే సగంసగం అంటాడు. అలాంటివాడి దగ్గరికి మేము సలహాకి వెళ్ళాం.

"తారుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే టైర్లుంటాయి సార్" అని నాలుగు టైర్లు నేల మీద దొర్లించాడు. "ఇది ఎనభై–ఇరవై. అంటే ఎనభై వంతులు తారుకి, ఇరవై మట్టికి. ఇది అరవై–నలభై. ఇది యాభై–యాభై. ఇదిగో, ఈ గుబ్బలు గుబ్బలుగా ఉన్నది ఇరవై–ఎనభై, తారు మీద గోల చేస్తుంది. మీ దారి లెక్కేంటో చెప్పండి, దానికి తగ్గది ఇస్తాను."

బావ దారి లెక్క కట్టడానికి వెళ్ళాడు. రెండు సార్లు పోయొచ్చి మరింత తికమకపడి వచ్చాడు.

"దూరాన్ని బట్టి చూస్తే తారే ఎక్కువ. మట్టి మీద నెమ్మదిగా పోతాం కాబట్టి సమయాన్ని బట్టి చూస్తే సగం సగం. భయాన్ని బట్టి చూస్తే మొత్తం మట్టే" అన్నాడు. "టైరు దేన్ని బట్టి కొనాలి?"

సగంసగం చాలాసేపు ఆలోచించాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. "అది కూడా సగంసగమే సార్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నా దగ్గరికొచ్చి చొక్కా పొడవు ఎంత పెట్టాలని ఎవరైనా అడిగితే నేను సగంసగం అంటానా? కానీ బావ ఆ జవాబుకే మెత్తబడి యాభై–యాభై టైర్లు రెండు వేయించుకుని వచ్చాడు. వాకిట్లో బండి ఆపి, దాని చుట్టూ తిరిగి, టైరుని అరచేత్తో తడిమి చూసుకున్నాడు. కొత్తబట్టలేసుకున్న పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు.

అక్కడ నేనొక మాటన్నాను. అనకపోయినా సరిపోయేది.

ముందు టైరు గీతలు ఒకవైపు వాలి ఉన్నాయి, వెనక టైరు గీతలు దానికి ఎదురువైపు వాలి ఉన్నాయి. వెల్వెట్ గుడ్డ కత్తిరించేటప్పుడు మేము మొదట చూసేది అదే. నిమిరితే నూగు ముక్కలన్నిట్లోనూ ఒకేవైపు వాలాలి, లేకపోతే తొడుక్కున్నవాడు రెండు రంగుల మనిషిలా కనిపిస్తాడు. "బావా, నీకు ముందు టైరు తిరగేసి బిగించారు" అన్నాను.

బావ కూడా చూశాడు. నిజమే అన్నాడు. ఇద్దరం చెమటలు కక్కుతూ ముందు చక్రం ఊడదీసి, టైరు తిప్పి బిగించాం. వెనకదీ ముందుదీ ఒకేవైపు వాలి చూడముచ్చటగా ఉన్నాయి. మర్నాడు సగంసగం చూసి తలబాదుకున్నాడు.

"అయ్యో, అది అలాగే ఉండాలి సార్! వెనక చక్రం పని తొయ్యడం, ముందు చక్రం పని ఆపడం. పనులు ఎదురెదురు గనక గీతలు కూడా ఎదురెదురుగా ఉంటాయి. పక్కన బాణం గుర్తు వేసుంది, చూడలేదా?"

"అంటే వెనక్కి ఉన్నట్టు కనిపిస్తే ముందుకి ఉన్నట్టా?" అన్నాడు బావ.

"ముందు చక్రానికైతే అంతే సార్."

ఆ సాయంత్రమంతా బావ నాతో మాట్లాడలేదు. టైరు మళ్ళీ తిప్పించాక కూడా వెనక చక్రం మాత్రం జారుతూనే ఉంది. జారింది ముందుది కాదని, మేం తిప్పింది ముందుదని, ఈ రెంటికీ సంబంధమే లేదని నాకు చాలా రోజుల తర్వాత వెలిగింది.

తర్వాత గాలి గొడవ మొదలైంది. మట్టి మీద పోయేటప్పుడు గాలి కొంచెం తీసేస్తే టైరు నేలని బాగా పట్టుకుంటుందని సగంసగం చెప్పాడు. తారు ఎక్కగానే మళ్ళీ నింపాలి, లేకపోతే బండి అటూ ఇటూ ఊగుతుంది. బావ చేతిపంపు ఒకటీ, గాలి కొలిచే మీటరు ఒకటీ కొనుక్కున్నాడు. రోజూ క్వారీ దగ్గర దిగి గాలి తీసేవాడు, వచ్చేటప్పుడు అక్కడే దిగి ఆయాసపడుతూ కొట్టేవాడు. ఒకరోజు వెళ్ళేటప్పుడు కొట్టి, వచ్చేటప్పుడు తీశాడు. ఇంటికొచ్చి అక్కతో "ఇవాళ దారి తలకిందులుగా ఉంది" అన్నాడు.

అయినా జారుతోంది. చివరికి వెనక చక్రానికి గుబ్బల టైరే వేయించాడు, ఇరవై–ఎనభై. ఆ టైరుతో కాపురం చెయ్యడం ఎలా ఉంటుందో మా వీధిలో అందరికీ తెలుసు. తారు మీద పోతుంటే గుంయ్‌మని తుమ్మెదలా మోత. వీధి మలుపులో ఆ మోత వినగానే అక్క టీ గిన్నె పొయ్యి మీద పెట్టేది. వాకిట్లో ఎర్రమట్టి పెళ్ళలు, గుబ్బల మధ్య ఇరుక్కున్న గులకరాళ్ళు. "ఈయన కొండని కొంచెం కొంచెంగా ఇంటికి మోసుకొస్తున్నాడురా" అని అక్క చీపురు పట్టుకుని తిట్టేది. ఆ తిట్టు మధ్యలోనే, "మాత్ర వేసుకున్నారా?" అని అడిగేది. ఆయనకి షుగరు ఉందని తేలి చాలాకాలమైంది. మాత్రల డబ్బా గోడగడియారం కిందే ఉంటుంది. మా బావ గడియారాన్ని చూస్తాడు గానీ డబ్బాని చూడడు.

ఆ గుబ్బలు చూస్తుండగానే అరగడం మొదలుపెట్టాయి, అదీ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. "తారు మీద గుబ్బల టైరు ఇంతే సార్. వెనక బ్రేకు కూడా అరిగింది, కొండ దిగే బండికి అదీ మామూలే" అన్నాడు సగంసగం. అతని దగ్గర ప్రతిదానికీ ఒక కారణం ఉండేది. అదే మా కొంప ముంచింది. ఒక్కదానికైనా కారణం లేకపోయుంటే మేము ఇంకోవైపు చూసేవాళ్ళమేమో.

ఒక పొద్దున మబ్బు పట్టింది. కొండమీద టవరులో ఏదో తీగ తెగి రాత్రి నుంచీ ఫోన్లు పలకడం లేదు. బావ బయల్దేరుతుంటే అక్క నా మిషను దగ్గరికొచ్చింది.

"నువ్వు కూడా వెనకాలే వెళ్ళరా. ఆ చక్రం ఎలా జారుతుందో నీ కళ్ళతో చూడు. ఆయన్ని అడిగితే టైరు అంటారు. షాపువాణ్ణి అడిగితే దారి అంటాడు. నాకు పిచ్చెక్కుతోంది. ఈసారి పడితే మాత్రం నేనే వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టమని చెబుతాను."

నా స్కూటరు టైర్లు ఎప్పుడో అరిగి గుండులా నున్నగా ఉన్నాయి. మట్టి అంటే వాటికి తెలియదు. అయినా అక్క చెప్పాక తప్పేదేముంది, బావ వెనకే పోయాను.

తారురోడ్డు మీద కొంతదూరం పోయాక గమనించాను. బావ బండికి వెనక ఎర్రలైటు వెలుగుతోంది. బ్రేకు వేస్తే వెలిగే లైటు అది. ముందు అడ్డమేమీ లేదు, రోడ్డు చదునుగా ఉంది, బండి మామూలుగానే పోతోంది, లైటు మాత్రం ఆరడం లేదు. హారన్ కొట్టి ఆపించాను.

"బావా, నీ బ్రేకు లైటు ఆరడం లేదు."

ఇద్దరం దిగి వెనక్కొచ్చి చూశాం. ఆరిపోయే ఉంది.

"ఏదిరా?" అన్నాడు.

"ఇప్పుడు లేదు. ఇందాక ఉంది."

"నీకు గుడ్డలు చూసీ చూసీ కళ్ళు పోయాయి. స్విచ్చు ఎక్కడో ఇరుక్కుని ఉంటుందిలే" అని బండెక్కాడు. పది బారలు పోగానే మళ్ళీ వెలిగింది. నేను మళ్ళీ ఆపలేదు. స్విచ్చే అయ్యుంటుందనుకున్నాను.

క్వారీ దగ్గర తారు అయిపోయింది. బావ దిగి, మీటరు పెట్టి చూసి, గాలి తీశాడు. నా స్కూటరు వైపు చూసి, "నువ్వు ఇక్కడే ఉండిపో, ఆ టైర్లతో నడుం విరగ్గొట్టుకుంటావు" అన్నాడు. నేను వింటానా? బండి కదిపాను.

మూడో మలుపులో నేను చూస్తుండగానే జరిగింది. మలుపు తిరిగేముందు బావ కొంచెం వేగం తగ్గించాలి, అంతే. కానీ వెనక చక్రం తిరగడం ఒక్కసారిగా మానేసింది. గుబ్బలన్నీ బిగుసుకుపోయి, తోక ఊపినట్టు బండి వెనకభాగం పక్కకి ఈడ్చుకుపోయింది. బావ రాళ్ళ మీద పడి, లేచి, ముందు నన్నే చూశాడు.

"నువ్వు చూడలేదు" అన్నాడు.

"చూశాను."

"చూడలేదురా. మీ అక్కకి ఏం చెబుతావు? చూడలేదనే చెప్పు." అరచేతుల్లో రక్తం, గొంతులో బతిమాలడం. మా బావ నన్ను బతిమాలడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, ఏడవలేక కోపం తెచ్చుకున్నాను.

"ఆ బండి ఇలా తే. నేను తోలతాను. పడితే నేనూ పడతాను, అప్పుడు టైరుదే తప్పని అక్కకి నేనే ఒట్టేసి చెబుతాను. నువ్వు నా స్కూటరు మీద రా."

అలా బళ్ళు మార్చుకున్నాం. ఎప్పుడు పడతానా అని ఎదురుచూస్తూ నేను ఆయన బండి తోలాను. మలుపులన్నిట్లోనూ బ్రేకు వేశాను. ఒకటి రెండు చోట్ల కావాలనే గట్టిగా వేశాను. కొంచెం వణికింది గానీ బండి బుద్ధిగా పోయింది. గుబ్బలు మట్టిని గోళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. పైకి చేరి వెనక్కి చూస్తే, గుండు టైర్ల స్కూటరు మీద మా బావ కూడా చక్కగా వచ్చేస్తున్నాడు. ఒక్కచోట కూడా జారలేదు.

టవరు కింద రెండు బళ్ళూ పక్కపక్కన నిలబెట్టి ఇద్దరం తల గోక్కున్నాం.

"నువ్వు పడలేదు" అన్నాడు బావ.

"లేదు. నువ్వూ పడలేదు."

"నా బండి మీద నువ్వు పడలేదు. నీ బండి మీద నేను పడలేదు. నా బండి మీద నేను మాత్రం పడతాను." వేళ్ళు ముడుస్తూ మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకున్నాడు. "టైరు బాగానే ఉంది. దారి అదే దారి. మరి ఏది జారుతున్నట్టు?"

మబ్బు కిందికి దిగుతోంది. వాన వచ్చేలోపు ఎక్కి దిగాలని బావ తొందరపడి, టవరు పక్కనున్న రేకుల గదిలోకి పోయి, పైనుంచి పడకుండా ఆపే బెల్టు నడుముకి కట్టుకున్నాడు. గుమ్మంలో కూర్చుని, ఎక్కేటప్పుడు వేసుకునే పల్చటి బూట్ల కోసం, వేసుకున్న బూట్లు విప్పాడు. ఎడమది వచ్చేసింది. కుడిది విప్పి బోర్లిస్తే లోపల్నించి ఒక నట్టు టంగుమని నేల మీద పడింది. బఠాణీగింజంత ఇనప నట్టు.

"అరె, ఇది నిన్న పనిచేస్తుంటే చెయ్యిజారిందిరా. ఇంతసేపు వెతికాను" అన్నాడు సంబరంగా.

నిన్నటి నుంచి బూటులోనే! నేను ఆయన పాదం వైపు చూశాను. మేజోడు అడుగున నల్లగా తడిసి ఉంది. నేనే కూర్చుని మేజోడు లాగాను. నట్టు ఆకారం ఆరు మూలలతో సహా అరికాల్లో దిగబడి ఉంది, చుట్టూ చర్మం చితికి రక్తం కారుతోంది.

"బావా, నొప్పి లేదా?"

"ఎక్కడ?" అన్నాడు.

నా మెదడులో అప్పుడు ఒక్కొక్కటే కలిశాయి. స్కూటరుకి బ్రేకులు రెండూ చేతుల్లో ఉంటాయి. ఆయన బండికి వెనక బ్రేకు కుడికాలి కింద ఉంటుంది. ఆ కాలు బ్రేకు మీద ఆని ఉందో లేదో ఆయనకి తెలియదు, ఎంత గట్టిగా తొక్కుతున్నాడో తెలియదు. లైటు ఊరికే వెలగలేదు. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుందని నేనెక్కడో విన్నాను, విని ఎవరి సంగతో అనుకుని వదిలేశాను. ఈ కాలితోనే ఆయన ఇన్నాళ్ళూ టవర్లెక్కాడు. ఇప్పుడూ ఎక్కబోతున్నాడు.

చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు, తలా తోకా లేకుండా చెప్పుంటాను. బావ నట్టుని రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ విన్నాడు.

"ఛ, నట్టు చిన్నది గనక తెలియలేదు. తిమ్మిరెక్కి ఉంటుంది. కాలు నాది, నాకు తెలియదట్రా?" అని నవ్వాడు. నవ్వు నిలబడలేదు. "సరే, ఒక పని చెయ్యి. నేను కళ్ళు మూసుకుంటాను. ఒక్కో వేలే నొక్కు. ఏ వేలో నేను చెబుతాను. చెప్పానంటే ఎక్కుతాను. నువ్వు ఇంక నోరెత్తకూడదు."

పాదం నా ఒళ్ళో పెట్టాడు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కనురెప్పలు బిగించి, పరీక్షలో కూర్చున్నవాడిలా ఎదురుచూశాడు. రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి.

"ఊఁ, కానివ్వరా" అన్నాడు కాసేపటికి. "వాన వచ్చేస్తోంది. ఇంకా మొదలుపెట్టవేం?"

నేను అప్పటికే ఆయన బొటనవేలిని గోరు తెల్లబడేంత గట్టిగా పట్టుకుని ఉన్నాను.

"నొక్కుతూనే ఉన్నాను బావా" అన్నాను.

బావ కళ్ళు తెరిచి నా చేతిని చూశాడు. తర్వాత నడుముకి కట్టుకున్న బెల్టు విప్పడం మొదలుపెట్టాడు.